అరవై వేల టీవీ, నూట ఇరవై రూపాయల ఎక్స్‌టెన్షన్ బాక్సు

పండగ ఆఫర్లో 60 వేలు పెట్టి 55 అంగుళాల టీవీ కొంటారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడ కొలుచుకుని, ‘ప్లగ్ పాయింటు దూరమైంది సార్, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తెప్పించండి’ అంటాడు. ఇంట్లో పిల్లవాడు వీధి చివరి కొట్టుకు పరుగెత్తి 120 రూపాయలకు ఒకటి పట్టుకొస్తాడు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై, సౌండ్‌బార్, ఎవరిదో ఫోను చార్జరు, అన్నీ దాంట్లోకే. టీవీ కొనేముందు నెల్లాళ్లు వీడియోలు చూసి, బావమరిదిని అడిగి, నాలుగు షోరూములు తిరిగిన పెద్దమనిషి ఆ బాక్సు మీద ఏం రాసి ఉందో ఒక్కసారైనా తిప్పి చూడడు. ఆ ఇంట్లో నిప్పంటూ పుడితే పుట్టేది ఆ బాక్సులోనే.

ఈ మాట ఇప్పుడే చెప్పాల్సి వస్తోంది. చలి మొదలైంది. అటక మీది హీటర్ రాడ్లు కిందికి దిగుతున్నాయి. దసరా, దీపావళి అమ్మకాల్లో కొన్న సామాన్లు కొత్తగా బోర్డుల్లోకి ఎక్కాయి. మన దేశంలో కరెంటు షాక్‌తో చనిపోతున్నవాళ్ల సంఖ్య జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా పది వేలు దాటుతోంది. పొలంలో మోటారు దగ్గర పోయినవాళ్లు, తెగిపడ్డ లైను తీగ తొక్కి పోయినవాళ్లు అందులో ఉన్నారు. బాత్రూములో బకెట్టు పక్కన పోయినవాళ్లూ ఉన్నారు. లైను తీగకు విద్యుత్ సంస్థను నిలదీయొచ్చు. బకెట్టు దగ్గరి చావుకు జవాబు మనం కొన్న వస్తువులోనూ, మన ఇంటి వైరింగులోనూ వెతుక్కోవాలి.

ఖరీదైనదే మంచిదా, అగ్గువది చాలా అని ప్రతి ఇంట్లోనూ వాదన నడుస్తుంది. పెద్ద పేరుకు డబ్బు పోస్తున్నారని ఒకరు, చవక సరుకు నాలుగు రోజుల ముచ్చటని ఇంకొకరు. ఇద్దరూ ధర చీటీనే చూస్తున్నారు. ఆ వస్తువు ప్రాణం తీస్తుందా లేదా అన్నది ధర చీటీ మీద రాసి ఉండదు. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోనుకు మన దేశంలో ప్రకటించిన ధర రూ.59,900. ఆనాటి ఖరీదైన ఫోన్లలో అదొకటి. బ్యాటరీలు అంటుకోవడంతో సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచారు. మార్చి ఇచ్చినవి కూడా కాలడంతో అక్టోబరులో తయారీయే ఆపేశారు. రెండు వేర్వేరు కంపెనీల బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలు దొరికాయని మరుసటి ఏడాది ఆ కంపెనీయే చెప్పింది.

చవక వైపు కథ మన గడప దగ్గరిదే. 2015లో కేంద్రం ఎల్‌ఈడీ బల్బుల పథకం ప్రారంభించింది. తర్వాత అందరికీ ఉజాలాగా తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతలో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు ఇస్తే కొత్త ఎల్‌ఈడీ బల్బు పది రూపాయలకు చేతిలో పెట్టారు. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొంటే, రెండేళ్లు తిరిగేసరికి ఆ ధర 38 రూపాయలకు దిగింది. నాసిరకం కొని ధర తగ్గించారనుకుంటే పొరపాటు. ఇన్ని వాట్లు, ఇంత వెలుతురు, పాడైతే మార్చి ఇవ్వాలి అని షరతులు రాసి, కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండరు పిలిచారు. అడిగేవాడు గట్టిగా అడిగితే చవక వస్తువు కూడా బుద్ధిగా ఉంటుంది. వీధి కొట్లో బాక్సు కొనేటప్పుడు అలా అడిగేవాళ్లు ఎవరూ లేరు.

చార్జరు సంగతి తీసుకుందాం. ఇంటింటికీ నాలుగైదు ఉంటాయి, పసిపిల్లల చేతికి కూడా అందుతాయి కనక. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటు చార్జరులోకి వెళ్లగానే 325 వోల్టుల దాకా డీసీగా మారుతుంది. అక్కణ్నుంచి చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాటి 5 వోల్టులై ఫోనులోకి పోతుంది. మనిషికీ చావుకీ మధ్య అడ్డం ఆ ట్రాన్స్‌ఫార్మరే. దానికి ఇటు చుట్టిన తీగకూ అటు చుట్టిన తీగకూ మధ్య ఇన్సులేషన్ టేపు వరసలుండాలి. సర్క్యూట్ బోర్డు మీద 325 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నకిలీ చార్జరు చేసేవాడు మిగుల్చుకునేది సరిగ్గా ఇక్కడే. టేపు ఒక వరస తగ్గిస్తాడు, ఖాళీ మిల్లీమీటరుకు కుదిస్తాడు, ఫ్యూజు ఎగ్గొడతాడు. ఫోను మాత్రం చక్కగానే చార్జవుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. వానాకాలం చెమ్మకో, ఒక రాత్రి వోల్టేజీ ఎగిరినప్పుడో ఆ మిల్లీమీటరు దాటుకుని 325 వోల్టులు నేరుగా ఫోను వైరులోకి వస్తాయి. చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోను చార్జింగులో ఉంచి పడుకున్నవాడి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

2016లో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ 400 నకిలీ ఐఫోన్ ఎడాప్టర్లను తెచ్చి పరీక్షించింది. 99 శాతానికి పైగా తప్పాయి. వాటిలో పన్నెండు మనిషిని చంపేంత షాక్ కొట్టే రకమని తేల్చింది. ఆ నకిలీలకూ అసలు వాటికీ పైకి తేడా లేదు. పెట్టె, అక్షరాలు, తెల్లటి నునుపు, అంతా ఒకటే. హైదరాబాదు జగదీశ్ మార్కెట్టులోనైనా, విజయవాడ బీసెంట్ రోడ్డు పక్కనైనా ‘ఫస్ట్ కాపీ అన్నా, ఒరిజినల్ లెక్కనే ఉంటది’ అని చెప్పి అమ్మే సరుకును కంటితో చూసి పోల్చుకోవడం ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వల్ల కూడా కాదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు లెక్క ఇంకా తేలిక. చిన్న పిన్ను సాకెట్టు మోసేది 6 యాంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. 1,500 వాట్ల హీటర్ రాడ్డు ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్వుకు దాదాపు 9 యాంపియర్లు కావాలి. అందుకే కంపెనీవాడు దానికి లావు పిన్ను, 16 యాంపియర్లది, పెట్టి పంపుతాడు. మనవాళ్లు ముప్పై రూపాయల కన్వర్టరు కొని ఆ లావు పిన్నును చిన్న సాకెట్టులో దూర్చేస్తారు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, బ్యాచిలర్ రూముల్లో ఒకే బాక్సు మీద పొద్దున రాడ్డు, మధ్యాహ్నం కర్రీ కుక్కరు, రాత్రి ఇస్త్రీపెట్టె నడుస్తుంటాయి. వైరులో వేడి కరెంటుతో పాటు సమంగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ వైరు రాగి అయితే కొంత తట్టుకుంటుంది. చవక బాక్సుల్లో చాలావాటికి రాగి పూత పూసిన అల్యూమినియం పోగులే ఉంటాయి. బ్లేడుతో ఒక పోగును గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. పిన్నుకు అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి కాదు, పూత పూసిన ఇనుము. మూడు రంధ్రాలు కనిపిస్తున్నా లోపలికి రెండు పోగుల వైరే వెళ్లే బాక్సులూ ఉన్నాయి. మూడో రంధ్రం ఉత్త అలంకారం. ఈ ఒక్క మోసానికి మాత్రం నా దృష్టిలో క్షమాపణ లేదు.

ఎందుకంటే ఆ మూడో పిన్ను ఎర్త్. ప్లగ్గులో అది మిగతా రెంటికన్నా పొడుగ్గా, లావుగా ఉండటానికి కారణం, సాకెట్టులోకి ముందుగా చేరేది, బయటికి చివరగా వచ్చేది అదే కావాలని. ఇస్త్రీపెట్టె, గ్రైండరు, వాషింగ్ మిషను, ఫ్రిజ్జు, గీజరు వంటి లోహపు ఒంటి సామానులో ఎక్కడైనా ఇన్సులేషన్ చెడితే కరెంటు మనిషిని వెతుక్కోకుండా ఎర్త్ తీగ పట్టుకుని భూమిలోకి పోవాలి. చార్జరుకు, చాలా టీవీలకు రెండు పిన్నులే ఉంటాయి, వాటికి ఇన్సులేషన్ రెండు పొరలు కనక పరవాలేదు. మూడు పిన్నులున్న వస్తువు ప్లగ్గులో మూడోదాన్ని విరగ్గొట్టి పెట్టడం మాత్రం ఆత్మహత్యతో సమానం.

హీటర్ రాడ్డు లోపల నిక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి, పైన లోహపు గొట్టం తొడుగుతారు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గొట్టం మీద తెల్లటి చెక్కు కడుతుంది, దాని కింద లోహం ఉడికి, ఒకనాటికి సన్నటి పగులు వస్తుంది. నీళ్లు లేకుండా రెండు నిమిషాలు వెలిగినా చాలు, పగులు తొందరపడుతుంది. ఆ పగుల్లోంచి బకెట్టు నీళ్లలోకి 230 వోల్టులు దిగుతాయి. పైకి నీళ్లు మామూలుగానే కాగుతుంటాయి. కాగాయా లేదా అని వేలు పెట్టి చూడటం మనందరి అలవాటు. తడి కాళ్లు, తడి గచ్చు, తడి చెయ్యి. స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు, వైరింగు తిరగబడి ఉంటే స్విచ్చి ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. ఇంట్లో వేణ్నీళ్లు పెట్టేది ఎవరో వాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లకూ పనిమనిషికీ ఈ మాట ఈ రోజే చెప్పాలి.

రేకు కూలర్లకూ ఇదే వర్తిస్తుంది. వేసవి రాగానే ఊళ్లో వెల్డింగ్ షాపువాళ్లు చేసి అమ్మేవి. గాలి బాగా వస్తుంది, ధర తక్కువ, ఆ విషయంలో వాటికి వంక పెట్టలేం. అయితే అడుగున నీళ్లలో మునిగి తిరిగే చిన్న పంపు నాసిరకమైతే రెండో వేసవికి దాని సీలు పోతుంది, రేకు ఒళ్లంతా కరెంటు. ఎర్త్ ఉండదు. పిల్లలు వచ్చి చల్లగా ఉందని చెయ్యి ఆనించేది ఆ రేకుకే. మళ్లీ మార్చిలో దాన్ని దించేటప్పుడు పంపు కొత్తది వేసి, మూడు పోగుల వైరు మార్పించండి. కూలరు అంతా మార్చమని ఎవరూ అడగడం లేదు.

మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అనేవాళ్లుంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మిమ్మల్ని కాదు. 6 యాంపియర్ల ఎంసీబీ పడాలంటే 6,000 మిల్లీయాంపియర్లు దాటాలి. మనిషి గుండె లయ తప్పడానికి 50 మిల్లీయాంపియర్లు చాలవచ్చు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే సెకనులో చిన్న భాగంలోనే సరఫరా కోసేస్తుంది. సుమారు రెండు వేలకు దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ కూలీ కలిపినా టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ కన్నా తక్కువే. పాత ఇళ్లలో ఇది పెట్టగానే మాటిమాటికీ పడిపోతోందని తీసేయించుకునేవాళ్లు ఉన్నారు. అది పడుతోందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట, ముందు దాన్ని పట్టుకోవాలి.

ఇక డబ్బు ఊరికే పోయే చోట్లు. హెచ్‌డీఎంఐ కేబులు బంగారు పూతదైనా, మామూలుదైనా టీవీలో బొమ్మ ఒకటే. డిజిటల్ సంకేతం చేరితే మొత్తం చేరుతుంది, లేకపోతే చుక్కలు పడతాయి, బొమ్మ ఆగిపోతుంది. ‘కాస్త బాగా చేరడం’ అన్నది దానికి తెలియదు. స్పీకర్ల డబ్బా మీద 5,000 వాట్లు పీఎంపీఓ అని రాసి, లోపల 60 వాట్ల ఎడాప్టరు పెట్టేవాడిది పగటి దోపిడీ. పవర్‌బ్యాంకు మీద రాసే పెద్ద అంకె లోపలి సెల్లుది, ఫోనుకు అందేది అందులో అరవై డెబ్భై శాతం. అమెరికా నుంచి వచ్చిన అల్లుడు తెచ్చిన ఖరీదైన కెటిల్ మన బోర్డులో పెట్టగానే మాడిపోవడం చాలా ఇళ్లలో జరిగిందే. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ట్రావెల్ ఎడాప్టరు పిన్ను ఆకారం మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. వస్తువు మీద 100 నుంచి 240 అని రాసి ఉంటేనే పెట్టండి.

ఖరీదు గిట్టుబాటయ్యే చోటు కూడా ఉంది, దాన్ని మరచిపోవడం అన్యాయం. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఏడాదికి దాదాపు 200 యూనిట్ల తేడా. కొన్నప్పుడు పెట్టిన అదనపు వెయ్యి, పన్నెండు వందలు కరెంటు బిల్లులోనే తిరిగొస్తాయి. ఏసీ, ఫ్రిజ్జుల మీది నక్షత్రాల చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది. ఏసీకి ఆ అంకెను ఏడాదికి 1,600 గంటల వాడకం మీద కడతారు. మీ ఇంట్లో రెండు నెలలు, రాత్రిపూటే ఏసీ వేస్తే ఐదు నక్షత్రాలకు పోసిన డబ్బు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. నక్షత్రాలు పొదుపు సంగతి చెబుతాయి. షాక్ కొట్టదని చెప్పవు.

బ్యాటరీల విషయంలో మరీ జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో, రోజుల తేడాలో, నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో స్కూటర్ల షోరూములో మంటలు లేచి పై లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది పోయారు. స్కూటరు వేలల్లో, లక్షల్లో కొన్నదే. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే పొగ విషం, మంటను నీళ్ల బకెట్టుతో ఆపలేం. పడగ్గదిలో, మెట్ల కింద, వీధి గుమ్మానికి అడ్డంగా చార్జింగు పెట్టొద్దు. బండి దిగిన వెంటనే వేడి మీద పెట్టొద్దు. దానితో వచ్చిన చార్జరు పోతే అదే కంపెనీది కొనాలి, వోల్టేజీ సరిపోయిందని ఏదో ఒకటి తగిలించొద్దు.

సరుకు నమ్మదగిందో కాదో తేల్చుకోవడానికి మనలాంటివాళ్లకు ఒక్క దారే ఉంది. రాడ్డు, గీజరు, ఇస్త్రీపెట్టె, వైరు, ప్లగ్గు, సాకెట్టు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. చార్జరు, పవర్‌బ్యాంకు, టీవీ, ఎల్‌ఈడీ బల్బు మీద ‘ఆర్’ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలుండే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గుర్తును ఎవడైనా ముద్రించుకోగలడు, నంబరును అబద్ధమాడించడం కష్టం. ఈ గుర్తులిచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ ఫోనులో వేసుకుని ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, వస్తువు పేరు, లైసెన్సు బతికి ఉందో లేదో కనిపిస్తుంది. షాపులో నిలబడే ఆ పని చెయ్యొచ్చు. ‘సీఈ’ అన్న రెండక్షరాలు చూసి మురిసిపోవద్దు, అది ఐరోపా మార్కెట్టు కోసం చాలా వస్తువులకు తయారీదారే తనంతట తాను వేసుకునే గుర్తు. ఆన్‌లైన్‌లో కొంటే పరీక్ష అయ్యే వస్తుందనుకోవడం కూడా భ్రమే. 2025 మార్చిలో ఢిల్లీలో ఒక పెద్ద ఈ-కామర్స్ సంస్థ గోదాములో బీఐఎస్ అధికారులు సోదా చేస్తే తప్పనిసరి గుర్తు లేని గీజర్లు, మిక్సీల వంటివి 3,500కు పైగా దొరికాయి.

చట్టానికి లోటు లేదు. తప్పనిసరి గుర్తు లేకుండా తయారుచేసినా, అమ్మినా 2016 నాటి బీఐఎస్ చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా. 2019 వినియోగదారుల చట్టం లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారునూ అమ్మినవాడినీ బాధ్యులను చేస్తుంది. ప్రమాదకరమైన సరుకును బజారు నుంచి వెనక్కి పిలిపించే అధికారం కూడా ఉంది. అయినా మన ఊళ్లో ఒక రాడ్డునో, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సునో వెనక్కి పిలిచారన్న వార్త మీరెప్పుడైనా చదివారా? అమెరికాలో ఆ పనికోసమే 1972 నుంచి ఒక కమిషన్ ఉంది, వెనక్కి పిలిచిన వస్తువుల జాబితా విడవకుండా ప్రచురిస్తుంది. మనకు ఆ జాబితా రాకపోవడానికి మూలం ప్రమాదం జరిగిన చోటే ఉంది. ఇల్లు కాలుతుంది, పోలీసులూ అగ్నిమాపక శాఖా వచ్చి ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసుకుని వెళ్తారు. పత్రికలవాళ్లం మేమూ అదే అచ్చువేస్తాం. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్‌హౌస్‌లో ఒకే కుటుంబానికి చెందినవాళ్లు సహా 17 మంది పోయినప్పుడు కూడా మొదట వినపడింది ఆ రెండు మాటలే. ఏ తీగ, ఏ వస్తువు, దాని మీద ఏ నంబరు, ఎవరు అమ్మారు అన్న ప్రశ్నలు సాధారణంగా ఆ కాగితం దాకా రావు. వస్తువు పేరు లేకపోతే వెనక్కి పిలవడానికి ఏమీ ఉండదు, శిక్షించడానికి ఎవరూ ఉండరు.

రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖలు వెంటనే చెయ్యాల్సింది ఇది. కరెంటు వల్ల మనిషి పోయినా, ఇల్లు కాలినా పంచనామాలో ప్రమాదం మొదలైన వస్తువు పేరు, తయారీదారు, లైసెన్సు నంబరు, ఎర్త్ ఉందా, ఆర్‌సీసీబీ ఉందా అన్న ఐదు గడులు తప్పనిసరి చెయ్యాలి. ఆ కాగితం నకలు హైదరాబాదు, విశాఖపట్నం బీఐఎస్ కార్యాలయాలకు వెళ్లాలి. హాస్టళ్లకు అనుమతి కొత్తగా ఇచ్చేటప్పుడూ పొడిగించేటప్పుడూ గదిగదికీ ఎర్త్ కొలిచిన పత్రం అడగాలి. మన వైపు నుంచి బిల్లు దాచుకోవడం మొదలుపెట్టాలి. ‘బిల్లు వద్దంటే యాభై తగ్గిస్తా’ అన్న కొట్టువాడికి ఆ యాభై ఇచ్చేసి బిల్లు తీసుకోండి. గుర్తు లేని సరుకు కనిపిస్తే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడొచ్చు.